ఇంటి ధరకు పొరుగిల్లే కొలబద్ద

ప్రక్రియ: వ్యాసం

ఉద్దేశం

నిత్యజీవితంలో ఎదురయ్యే క్రయవిక్రయాలలో మమకారానికీ మూల్యానికీ గల భేదాన్ని గుర్తించడం. సాటి వస్తువులతో పోల్చి ఒక వస్తువు విలువను నిర్ణయించే పద్ధతిని తెలిసికోవడం. అమ్మేవాడు పాటించవలసిన సత్యసంధతను అవగాహన చేసికోవడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

గుంటూరు నగరానికి పడమటి అంచున ఉన్న నల్లపాడు ఒకప్పుడు వ్యవసాయ గ్రామం. 2012లో అది గుంటూరు నగరపాలక సంస్థలో విలీనమైంది. పగిడిపల్లి నుండి వచ్చే రైలుమార్గమూ, నంద్యాల నుండి వచ్చే రైలుమార్గమూ ఇక్కడనే కలుస్తాయి. ఒకవైపు పత్తి, మిరప పండే పొలాలు, మరొకవైపు పెరుగుతున్న పట్టణం. ఇటువంటి చోట ఇంటి విలువ ఏటేటా మారుతుంది. అందుచేతనే ఈ పాఠానికి నల్లపాడు రంగస్థలమైంది. ఇందులోని రైతు కుటుంబం కల్పితం. ఇళ్ళ ధరలు లెక్క తేలికగా ఉండేందుకు తీసికొన్నవే గాని నేటి అంగడి ధరలు కావు. శాసనాలు, తీర్పులు, తేదీలు వాస్తవాలు.

పాఠం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని వారు చెప్పలేదు. పూర్వం పల్లెలో ఇల్లు తరతరాలకు సంక్రమించే ఆస్తియే గాని అంగడి సరుకు కాదు. ఎవరైనా ఇల్లు అమ్మితే అది చితికిన సంసారానికి గుర్తుగా లోకం భావించేది. కాలం మారింది. పిల్లల చదువులు, ఉద్యోగాల బదిలీలు, వైద్యం, ఋణాలు మనుషులను ఒక చోటు నుండి మరొక చోటికి కదిలిస్తున్నాయి. నేడు ఇల్లు అమ్మడం అవమానం కాదు. చాలా కుటుంబాలకు అది అవసరం. అయితే అమ్మే నేర్పు మాత్రం మనకు ఇంకా అలవడలేదు. పంటను ఏటా అమ్మే రైతు కూడా ఇంటిని జీవితంలో ఒక్కసారే అమ్ముతాడు. ఒక్కసారే చేసే పనిలో పొరపాటు జరిగితే దిద్దుకొనే అవకాశం ఉండదు.

నల్లపాడులో ఒక రైతు దంపతులు ఉన్నారనుకొందాం. వారికి ఊరి వెలుపల మూడెకరాల నల్లరేగడి పొలం, ఊరిలో 200 గజాల స్థలంలో ఒక డాబా ఇల్లు ఉన్నాయి. ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్ళయింది. ఆ ఇంటి ద్వారబంధం మీద పిల్లలు ఏటేటా ఎంత ఎత్తు పెరిగారో తెలిపే గీతలు ఇప్పటికీ చెరిగిపోలేదు. రెండేళ్ళపాటు మిరప దెబ్బతీసింది. శీతల గిడ్డంగిలో దాచిన సరుకు మంచి ధర కోసం ఎదురుచూచి చివరకు నష్టానికే పోయింది. పొలం తాకట్టు మీద బ్యాంకులో తెచ్చిన ఋణం 30 లక్షలయింది. వడ్డీ ఏడాదికి నూటికి పది రూపాయలు. అనగా నెలకు 25 వేలు. ఇల్లు అమ్మితే పొలం నిలుస్తుంది. పొలం పోతే ఇల్లు ఉన్నా తిండి ఉండదు. ఆలోచించి, ఇల్లు అమ్మడానికే వారు నిశ్చయించుకొన్నారు.

ధర ఎంత? ఆ ప్రశ్నకు రైతు క్షణం కూడా ఆలోచించలేదు. ఏడాది కిందట పక్క ఇల్లు 75 లక్షలకు అమ్ముడైంది. స్థలం అదే 200 గజాలు. "వాళ్ళకు డెబ్బయి అయిదు వచ్చినప్పుడు మనకు ఎందుకు రాదు?" అన్నాడు. మధ్యవర్తికి ఆ ధరే చెప్పాడు. నెలలు గడిచాయి. చూచిన వాళ్ళు చూచి వెళ్ళారు, తిరిగి రాలేదు. నాలుగు నెలలలో వడ్డీ లక్ష రూపాయలయింది.

ఒకనాడు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే బావమరిది వచ్చాడు. విషయం విని, "బావగారూ! యార్డులో మీ మిరపకాయలకు ధర మీరు కడతారా, పక్క లాటు చూసి తెలుసుకుంటారా?" అని అడిగాడు. రైతు మౌనం వహించాడు. ఆ ప్రశ్నలో ఉన్న అంతరార్థం అతనికి బోధపడింది.

యార్డు నేర్పే పాఠం

గుంటూరు మిర్చి యార్డు దేశంలోనే పేరుమోసిన మిరప విపణి. అక్కడికి టిక్కీలతో వచ్చిన రైతు తన సరుకు మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ ప్రేమకు ధర అడగడు. తేజ రకాన్ని తేజ రకంతోనే పోలుస్తాడు; 334 రకంతో పోల్చడు. ఈ ఏటి కాయను శీతల గిడ్డంగిలో నిలిచిన పాత కాయతో సమానం చేయడు. రంగు చూస్తాడు, చేతిలో నలిపి తేమ చూస్తాడు, తాలు కాయ ఎంత కలిసిందో చూస్తాడు. పొద్దున పక్క లాటు క్వింటాలు ఎంతకు పోయిందో విని, తన లాటు దానికంటె మేలా, తక్కువా అని తూచుకొంటాడు. ఇందులో నాలుగు మెట్లున్నాయి. ఒకే రకం కావడం మొదటిది. ఒకే కాలం కావడం రెండవది. నిజంగా అమ్ముడైన ధర కావడం మూడవది. గుణదోషాలను బట్టి హెచ్చుతగ్గులు చేయడం నాలుగవది. ఇంటికి ధర కట్టే విద్య కూడా ఈ నాలుగు మెట్లే. ఏటా యార్డుకు వెళ్ళే రైతుకు ఈ విద్య తెలియనిది కాదు. అది తన ఇంటికి కూడా వర్తిస్తుందని అతనికి తోచలేదు.

ఇంటి విక్రయం నలుగురి ఎదుట జరగాలనే భావం మన దేశంలో ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో గృహ, క్షేత్రాదుల విక్రయాన్ని గురించిన ప్రకరణం ఉన్నది. అక్కడ 'వాస్తు' శబ్దానికి ఇల్లు, పొలం, తోట, చెరువు మొదలైనవన్నీ అర్థం. అమ్మదలచినవాడు ఇరుగుపొరుగు కుటుంబాల వారి సమక్షంలో, ఇంటి ముందర నిలబడి హద్దులను ఉన్నవి ఉన్నట్లు ప్రకటించి, ఈ ధరకు కొనేవారెవరని ముమ్మారు అడగాలని కౌటిల్యుడు విధించాడు. మొదట జ్ఞాతులకు, పిదప పొరుగువారికి, ఆ తరువాత ఋణదాతలకు కొనే అవకాశం కల్పించాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యలో కూడా భూమి చేతులు మారేటప్పుడు గ్రామస్థుల, జ్ఞాతుల, సామంతుల, దాయాదుల అంగీకారం ప్రస్తావించబడింది. సామంతులంటే హద్దు పంచుకొనే పొరుగువారు. ఆ వ్యాఖ్యనే పదమూడవ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన కేతన 'విజ్ఞానేశ్వరము' పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. గ్రామస్థుల అంగీకారం వ్యవహారం బహిరంగం కావడానికి. పొరుగువారి అంగీకారం హద్దుల తగవు రాకుండటానికి. ఇంటి విలువకు, హద్దుకు పొరుగువారే సాక్షులన్నది ఆనాటి దృష్టి. నేడు ఆ సాక్ష్యం రిజిస్ట్రేషన్ దస్తావేజులలో ఉన్నది.

ఏది సాటి, ఏది కాదు?

బావమరిది మాట విన్న తరువాత రైతు కాగితం తీసికొని, తనకు తెలిసిన ఇళ్ళ అమ్మకాలన్నీ వ్రాశాడు. ఆరు తేలాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాడు.

మొదటిది పక్క ఇల్లు. దాన్ని కొన్నది ఎవరు? వెనుక వీధిలో ఇల్లున్న ఆసామి. అతని ఇంటికి ముప్ఫై అడుగుల రోడ్డు మీదికి దారి లేదు. ఆ దారి కోసం అతడు ఎంతైనా ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. ఆ అవసరం మరెవ్వరికీ లేదు. కాబట్టి 75 లక్షలు ఆ ఇంటి ధర కాదు. ఆ ఒక్క కొనుగోలుదారు అవసరానికి ధర. 1988లో చిమన్‌లాల్ హర్‌గోవిందదాస్ కేసులో సుప్రీంకోర్టు భూమి విలువ కట్టే సూత్రాలను వివరిస్తూ ఈ అంశాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. విస్తీర్ణం చిన్నదిగా ఉండటం, రోడ్డుకు సమీపంలో ఉండటం, రోడ్డు వైపు ముఖం ఉండటం, ఆకారం సక్రమంగా ఉండటం విలువను పెంచుతాయి. విస్తీర్ణం మరీ పెద్దది కావడం, రోడ్డుకు దూరంగా లోపల ఉండటం, ముఖం ఇరుకుగా ఉండటం, మట్టి పోసి ఎత్తు చేయవలసినంత పల్లంలో ఉండటం విలువను తగ్గిస్తాయి. ఆనుకొని ఉన్న ఆస్తి యజమానికి ఆ స్థలం మీద ఉండే ప్రత్యేక ప్రయోజనాన్ని కూడా న్యాయస్థానం విలువ పెంచే అంశాలలో చేర్చింది. పక్క ఇల్లు సరిగ్గా ఆ కోవలోనిదే. రైతు దాన్ని కొట్టివేశాడు. నాలుగు నెలలుగా తాను నమ్మిన ఆధారం అదొక్కటే.

రెండవది మిత్రుని ఇల్లు. 2018లో అమ్మాడు, మంచి ధర వచ్చింది. కాని గుంటూరు ప్రాంతంలో 2018 ధర మరొక సంవత్సరానికి ధర కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. అమరావతిని రాజధానిగా ఎంచుకొనడంతో గుంటూరు, విజయవాడ పరిసరాలలో స్థలాల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చేసరికి కొనేవారు వెనుకంజ వేశారు. 2020లో అందుకు చట్టం వచ్చింది. 2021 నవంబరులో దానిని ఉపసంహరించారు. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 2024లో ప్రభుత్వం మారిన పిదప, 2025 మే 2న రాజధాని పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. పదేళ్ళలో ఇన్ని మలుపులు తిరిగిన చోట పాత ధరను పట్టుకొని వేలాడటం, నిరుటి మిరప ధరతో ఈ ఏటి కాయను అమ్మబోవడం వంటిదే. రైతు దాన్ని కూడా కొట్టివేశాడు.

మూడవది మలుపు దగ్గర ఉన్న ఇల్లు. 'అమ్మబడును' అన్న పలక ఏడాదిగా వేలాడుతున్నది. యజమాని 80 లక్షలు అడుగుతున్నాడు. ఎవరూ ఇవ్వలేదు. అడిగిన ధర ఆశను తెలుపుతుంది. అమ్ముడైన ధరే విలువను తెలుపుతుంది. అదీ పోయింది.

మిగిలినవి మూడు. అన్నీ గడచిన ఏడాదిలోపు అమ్ముడైనవే, నడచి వెళ్ళగలిగినంత దూరంలోనివే, ఒక కుటుంబం నివసించే ఇళ్ళే. పోలికకు ఇవే తగినవి. ఆరింటిలో మూడు పోవడం రైతుకు మొదట కష్టంగా తోచింది. తాలు ఏరివేసిన తరువాతనే కాయకు ధర వస్తుందని గుర్తు తెచ్చుకొన్నాడు.

లెక్క

ఇంటి విలువలో రెండు భాగాలుంటాయి. ఒకటి స్థలం, రెండవది కట్టడం. మన ప్రాంతంలో స్థలాన్ని గజాలలో, కట్టడాన్ని చదరపు అడుగులలో కొలుస్తారు. ఎకరానికి నూరు సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. గజానికి తొమ్మిది చదరపు అడుగులు. స్థలం పాతబడదు, కట్టడం పాతబడుతుంది. ఆ తరుగును తీసివేయకుండా రెండు ఇళ్ళను పోల్చరాదు. క్రొత్తగా కట్టడానికి చదరపు అడుగుకు 1,800 రూపాయలు అవుతుందనీ, కట్టడం ఆయుర్దాయం 60 ఏళ్ళనీ అనుకొందాం. అప్పుడు ఏడాదికి తరుగు 30 రూపాయలు.

మొదటి ఇల్లు అదే వీధిలోనిది. 180 గజాలు, 1,000 చదరపు అడుగులు, కట్టి పదేళ్ళు. 60 లక్షలకు పోయింది. పదేళ్ళ తరుగు పోను కట్టడం అడుగుకు 1,500 చొప్పున 15 లక్షలు. మిగిలిన 45 లక్షలు స్థలానివి. గజం 25,000 పడింది.

రెండవ ఇల్లు వెనుక వీధిలోనిది. 220 గజాలు, 1,000 చదరపు అడుగులు, కట్టి ఇరవై ఏళ్ళు. 56 లక్షలు పలికింది. కట్టడం అడుగుకు 1,200 చొప్పున 12 లక్షలు. స్థలం 44 లక్షలు. గజం 20,000 మాత్రమే. వీధి వెడల్పు పద్దెనిమిది అడుగులే కావడం ఇందుకు కారణం.

మూడవది అదే వీధి మొదట్లో ఉన్న పాత పెంకుటిల్లు. 150 గజాలు. కొన్నవాడు దాన్ని పడగొట్టి కట్టుకోదలచాడు గనుక కట్టడానికి విలువ లేదు. 40 లక్షల 50 వేలు పలికింది. గజం 27,000. స్థలం చిన్నది, ప్రధాన రహదారికి దగ్గర. చిన్న స్థలానికి కొనగలవారు ఎక్కువ. అందుచేత గజం ధర కొంచెం పైన ఉంటుంది.

రైతు ఇల్లు మొదటి ఇల్లున్న వీధిలోనే ఉన్నది గాని, రహదారికి కొంచెం దూరం. స్థలం కొంచెం పెద్దది. కాబట్టి గజం 24,000 నుండి 25,000 దాకా పలుకుతుందనడం న్యాయం. 200 గజాలకు 48 నుండి 50 లక్షలు. కట్టడం 1,000 చదరపు అడుగులు, ముప్ఫై ఏళ్ళ తరుగు పోను అడుగుకు 900 చొప్పున 9 లక్షలు. మొత్తం 57 నుండి 59 లక్షలు. ఇందులో నుండి తీయవలసినది మరొకటి ఉన్నది. దాని సంగతి తరువాత చూద్దాం.

ఈ లెక్కకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే మొదటి పుస్తకాన్ని నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా పరిశీలించవచ్చు, నకలు పొందవచ్చు. అయితే దస్తావేజులో వ్రాసిన మొత్తమూ, చేతులు మారిన మొత్తమూ అన్నివేళలా ఒకటి కావన్నది లోకానికి తెలిసిన విషయమే. స్టాంపు సుంకం తప్పించుకొనేందుకు విలువ తగ్గించి వ్రాయడం నేరమే కాక, పోల్చిచూచే తరువాతివారిని కూడా తప్పుదారి పట్టిస్తుంది. ప్రభుత్వం ప్రకటించే మార్కెట్ విలువ సుంకం వసూలుకు కనీసపు గీత మాత్రమే. అదే ఇంటి అసలు ధర అనుకోరాదు. కాబట్టి దస్తావేజును చూడాలి, అమ్మినవారినీ కొన్నవారినీ అడగాలి, రెండింటినీ సరిపోల్చాలి.

భూసేకరణలో సర్కారు కూడా ఈ పోలిక పద్ధతినే అనుసరిస్తుంది. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టంలో, సమీప ప్రాంతంలో అటువంటి భూమికి అంతకు ముందు మూడేళ్ళలో రిజిస్టరైన విక్రయాలను చూడాలని ఉన్నది. వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులను తీసికొని సగటు కట్టాలి. ఇష్టం లేకున్నా భూమి ఇవ్వవలసివచ్చిన రైతుకు అన్యాయం జరగరాదని పై సగాన్ని ఎంచారు. ఇష్టపడి అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని ఎదుట ఉన్నది చట్టం కాదు, ఇల్లు చూడవచ్చిన మరొక గృహస్థుడు. ఆ గృహస్థుడు కూడా ఇదే వీధిలో నాలుగు ఇళ్ళు చూచి వచ్చినవాడే. పైగా అతనికి ఋణమిచ్చే బ్యాంకు తన మదింపుదారుని పంపుతుంది. మదింపు విలువను మించి అడిగిన ధరకు బ్యాంకు బాధ్యత వహించదు.

గోడలోని బీట

తీయవలసినది మరొకటి ఉన్నదన్నాం. అది పడమటి గోడలోని బీట.

గుంటూరు సీమలోని నల్లరేగడి పత్తికి తల్లి వంటిది. ఇంటికి మాత్రం సవతి తల్లి. వానకు నీరు త్రాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. ఏటేటా ఈ కదలిక వలన లోతులేని పునాది క్రుంగి గోడలు పగులుతాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలకు తగినట్లుగా, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించింది. రైతు ఇల్లు కట్టిన కాలంలో అతనికి అంత తెలియదు. రాతి పునాది మీదనే గోడలు లేచాయి. పడమటి గదిలో బీట పడింది. ప్రతి సంక్రాంతికీ సున్నం పూసి మూసేవారు.

"సున్నం వేస్తే కనిపించదు గదా!" అని మధ్యవర్తి సలహా ఇచ్చాడు. రైతు భార్య అంగీకరించలేదు. "మిరపకాయల్లో రాళ్ళు కలిపి తూచినవాళ్ళం కాదు. ఇప్పుడు ఇంట్లో కలుపుతామా?" అన్నది. ఆమె మాటలో ధర్మమూ ఉన్నది, చట్టమూ ఉన్నది. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే దాన్ని వెల్లడించవలసిన బాధ్యత అమ్మేవాడిదే. మేస్త్రీని పిలిచి అడిగితే మరమ్మతుకు లక్షన్నర అవుతుందన్నాడు. ఆ మొత్తాన్ని తీసివేయగా ఇంటి విలువ 55 లక్షల 50 వేల నుండి 57 లక్షల 50 వేల దాకా తేలింది.

రైతు 58 లక్షలకు బేరం పెట్టాడు. బీటను చూపించాడు, మేస్త్రీ చెప్పిన లెక్కనూ చూపించాడు. దాచకుండా చెప్పినవాడి మాటను కొనేవాడు మిగిలిన విషయాలలోనూ నమ్ముతాడు. నెల తిరగకముందే 56 లక్షల 50 వేలకు పరస్పరాంగీకారం కుదిరింది. బ్యాంకు ఋణం తీరింది. పొలం దస్తావేజు ఇంటికి వచ్చింది. 75 లక్షలకై అత్యాశతో మరో ఏడాది కూర్చున్నట్లయితే ఇంకో మూడు లక్షలు వడ్డీకే పోయేవి. ఆ ధర మాత్రం వచ్చేది కాదు.

పోలికకు అందనిది

ఇంతవరకు చెప్పినది విన్నవారికి ఒక సందేహం కలుగవచ్చు. ముప్ఫై ఏళ్ళ జీవితానికి, ఆ ఇంట జరిగిన పెళ్ళిళ్ళకు, పెద్దల చివరి శ్వాసకు విలువ లేదా అని. ఉన్నది. కాని అది కొనేవాడు ఇవ్వవలసిన విలువ కాదు. అతడు తన జీవితాన్ని తెచ్చుకొని ఆ ఇంట ప్రవేశిస్తాడు. మన జ్ఞాపకాలకు అతని చేత మూల్యం చెల్లించమనడం న్యాయం కాదు. జ్ఞాపకాన్ని ధరలో కలిపినప్పుడు రెండూ నష్టపోతాయి. ధర పెరిగి ఇల్లు అమ్ముడు కాదు; ప్రతి బేరగాడూ ధర తగ్గించమన్నప్పుడల్లా మన బతుకునే తక్కువ చేసినట్లు తోచి మనసు నొచ్చుకొంటుంది. ఆ రైతు నాలుగు నెలలు అనుభవించిన బాధ అదే.

తాళాలు అప్పగించే ముందురోజు రైతు భార్య ఒక నూలు దారం తెచ్చింది. ద్వారబంధం మీద ఉన్న గీతలకు దాన్ని ఆనించి, గీత గీతకూ ఒక ముడి వేసింది. దారాన్ని చుట్టి పసుపు భరిణలో పెట్టుకొన్నది. ఆ దారం ఎంత ధరకు వచ్చిందని ఎవరూ అడగలేదు. ఇంటిని మాత్రం సాటి ఇళ్ళతో తూచి, ఉన్న ధరకు ఇచ్చివేశారు.

కఠినపదాలకు అర్థాలు

మూల్యం – వెల, విలువ
సంక్రమించు – వారసత్వంగా వచ్చు
విపణి – అంగడి
తాలు – రంగు పోయిన, నాసిరకపు కాయ
టిక్కీ – మిరపకాయల బస్తా
జ్ఞాతులు – దాయాదులు, రక్తబంధువులు
సామంతులు – (ఈ పాఠంలో) హద్దు పంచుకొనే పొరుగువారు
కోవ – తరగతి, వరుస
తరుగు – పాతబడటం వలన తగ్గే విలువ
మదింపు – విలువ కట్టడం
నకలు – ప్రతి
సత్యసంధత – మాటకు కట్టుబడి ఉండే గుణం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఇంటి ధరను నిర్ణయించడంలో మిర్చి యార్డు నేర్పే నాలుగు మెట్లను వివరించండి.
2. రైతు ఆరు ఇళ్ళలో మూడింటిని పోలికకు తగనివిగా ఎందుకు భావించాడు? సకారణంగా వ్రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. గృహవిక్రయాన్ని గురించి అర్థశాస్త్రం, మితాక్షరా వ్యాఖ్య ఏమి చెప్పాయి?
2. అమరావతి పరిణామాలు పాత ధరతో పోల్చడాన్ని ఎట్లు నిరర్థకం చేశాయి?
3. స్థలానికీ కట్టడానికీ విలువను వేరువేరుగా ఎందుకు లెక్కించాలి?
4. నల్లరేగడి నేలలో ఇళ్ళ గోడలు ఎందుకు పగులుతాయి?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు

1. అడిగిన ధర ఆశను తెలుపుతుంది. అమ్ముడైన ధరే విలువను తెలుపుతుంది.
2. మిరపకాయల్లో రాళ్ళు కలిపి తూచినవాళ్ళం కాదు.
3. జ్ఞాపకాన్ని ధరలో కలిపినప్పుడు రెండూ నష్టపోతాయి.

IV. వ్యాకరణం

సంధులు:
పొరుగిల్లు = పొరుగు + ఇల్లు – ఉత్వ సంధి
పరస్పరాంగీకారం = పరస్పర + అంగీకారం – సవర్ణదీర్ఘ సంధి
అత్యాశ = అతి + ఆశ – యణాదేశ సంధి

సమాసాలు:
క్రయవిక్రయాలు – క్రయమును, విక్రయమును – ద్వంద్వ సమాసం
నల్లరేగడి – నల్లనైన రేగడి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గృహవిక్రయం – గృహము యొక్క విక్రయం – షష్ఠీ తత్పురుష సమాసం

V. చేయదగిన పని

మీ వీధిలో గడచిన ఏడాదిలో అమ్ముడైన రెండు ఇళ్ళను ఎంచుకోండి. వాటి స్థలం, కట్టడం, వయస్సు, వీధి వెడల్పు వివరాలను పెద్దలను అడిగి తెలిసికొని, మీ ఇంటితో పోల్చి ఒక పట్టికగా వ్రాయండి. మీ ఇంటిలోని ఒక లోపాన్ని కూడా దాచకుండా అందులో చేర్చండి.